అట్ట మీద లేని పేర్లు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి,

ఆశీస్సులు. 'గెట్జ్/జిల్బెర్టో' ఆల్బమ్ గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఈ రికార్డు మీద తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు ఎంతో సంతోషం కలిగించింది. సినిమా పాటల గురించి, కీర్తనల గురించి మనవాళ్లు బోలెడు రాస్తారు. 1963లో న్యూయార్కులో గాయకుడు, గిటారిస్టు జొవావ్ జిల్బెర్టోతో సహా కొందరు బ్రెజిల్ సంగీతకారులు, అమెరికన్ శాక్సఫోన్ కళాకారుడు స్టాన్ గెట్జ్ కలిసి చేసిన రికార్డు గురించి ఇంత శ్రద్ధగా రాసేవాళ్లు తక్కువ. ఆ సంగీతం మీద నీ ప్రేమ నిజమైనదని ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. అందుకే "బాగుంది, రాస్తూ ఉండు" అని రెండు ముక్కలు రాసి ఊరుకోవడానికి మనసు ఒప్పలేదు.

నీ వ్యాసంలో ఆ సంగీతం మధురంగా ఉంది, మత్తుగా ఉంది, హాయిగా ఉంది, సముద్రపు గాలిలా ఉంది, వెన్నెలలా ఉంది. ఇవేవీ అబద్ధాలు కావు. అయితే ఆల్బమ్ పేరు తీసేసి అదే వ్యాసాన్ని మరో ఇరవై ఆల్బమ్‌లకు తగిలించినా సరిపోతుంది. సంగీతం గురించి రాసేవాళ్లను ముందుగా పట్టుకునే జబ్బు ఇదే. విన్నప్పుడు మనకు కలిగిన అనుభూతికి పేరు పెట్టేసి, పాట గురించి చెప్పేశామనుకుంటాం. పాఠకుడికి నీ అనుభూతి అక్కర్లేదని అనడం లేదు. ఆ అనుభూతి తనకూ కలగాలంటే అక్కడ ఎవరు ఏం చేశారో నువ్వు చూపించాలి. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది అదొక్కటే: ఎవరు ఏం చేశారో రాయి.

మొదటి పాటనే తీసుకుందాం, 'గరోటా జి ఇపనేమా', అంటే 'ఇపనేమా అమ్మాయి'. ప్రపంచమంతా హోటళ్లలోనూ లిఫ్టుల్లోనూ మోగి మోగి అరిగిపోయిన పాట కాబట్టి దాన్ని కొత్తగా వినడం కష్టం. అందుకే దానితోనే మొదలుపెట్టు.

ముందు గిటారు వినిపిస్తుంది. దానితో పాటు జొవావ్ జిల్బెర్టో మాటల్లేకుండా తీసే చిన్న కూనిరాగం. ఆయన కుడిచేతిని ఊహించుకో. బొటనవేలు మంద్రపు తీగల మీద నిలకడగా, తొణకకుండా నడుస్తుంది. బ్రెజిల్ వీధుల్లో సాగే సాంబా ఊరేగింపులో సుర్దు అనే పెద్ద డోలు చేసే పని అది. మిగిలిన వేళ్లు తీగలను ఒక్కసారిగా లాగుతాయి, దెబ్బ మీద కాదు, ఒకసారి దెబ్బకు ముందు, ఒకసారి తర్వాత. తంబురిం అనే చిన్న చేతివాద్యం చేసే పని అది. వీధినంతా నింపే వాద్యబృందంలోంచి రెండింటిని ఏరి ఒక్క చేతిలో పెట్టుకున్నాడాయన. సాంబాలోంచి పుట్టిన ఈ బ్రెజిల్ శైలి పేరే బోసా నోవా. నీ వ్యాసంలో 'బోసా నోవా లయ' అని ఒక్క మాటతో దాటేసిన చోట ఇంత పని ఉంది.

ఆ తర్వాత గొంతు. అందులో కంపితం లేదు, గమకం లేదు, చివర్లో సాగదీయడం లేదు. పక్కన కూర్చున్న మనిషికి చెబుతున్నంత మెల్లగా పాడతాడు. అయితే అసలు విశేషం ఆ మెల్లదనం కాదు. ఆ గొంతు గిటారుకు అతుక్కుని నడవదు. ఇద్దరు కబుర్లు చెప్పుకుంటూ నడుస్తుంటే ఒకరు ఒక అడుగు వెనకబడి, మళ్లీ రెండడుగులు త్వరగా వేసి కలుసుకున్నట్టు, పాదం మధ్యలో జారుకుని పాదం చివర సరిగ్గా చేరుకుంటుంది. తాళం దెబ్బకు ముందో వెనకో పాట ఎత్తుకోవడాన్ని చెప్పే అతీతం, అనాగతం అనే మాటలు తెలిసిన పాఠకుడికి ఇది వెంటనే అర్థమవుతుంది కాబట్టి ఆ మాటలు వాడుకోవచ్చు. అక్కడితో ఆగు. మన కచేరీలో ఎత్తుగడ ఎక్కడో ముందే నిర్ణయమై ఉంటుంది. జిల్బెర్టో ప్రతి పాదంలోనూ ఆ దూరాన్ని మార్చుకుంటూ పోతాడు. రెండూ ఒకటేనని రాస్తే రెండింటికీ అన్యాయం చేసినట్టే.

ఆ పాట కట్టుబడి కూడా చూడు. ఎనిమిది ఆవర్తాల భాగం రెండుసార్లు వస్తుంది. తర్వాత మధ్య భాగం. మామూలు అమెరికన్ పాటల్లో అది కూడా ఎనిమిది ఆవర్తాలే ఉంటుంది, ఇక్కడ పదహారు. ఒకే స్వరవాక్యం స్థాయి మార్చుకుంటూ మళ్లీ మళ్లీ వస్తుంది, కింద ఆధారశ్రుతి కదిలిపోతూ ఉంటుంది. ఇల్లు ఎక్కడుందో వినేవాడు మరిచిపోయే సమయానికి పాట చల్లగా మొదటి భాగంలోకి తిరిగొస్తుంది. నీకు దిగులుగా అనిపించిందని రాశావే, ఆ దిగులు పుట్టేది ఈ పదహారు ఆవర్తాల్లోనే. 'దిగులు' అన్న మాట తీసేసి ఈ కదలికను రాసి చూడు. ఆ మాట పాఠకుడే అనుకుంటాడు.

జొవావ్ పోర్చుగీసులో పాట మొత్తం పాడాక ఆయన భార్య ఆస్ట్రుడ్ అదే పాటను ఇంగ్లిషులో పాడుతుంది. తర్వాత గెట్జ్ శాక్సఫోన్, ఆ తర్వాత కొద్దిసేపు జోబిమ్ పియానో. మధ్య భాగం నుంచి మళ్లీ ఆస్ట్రుడ్. ఈసారి ఆమె పాదాల మధ్య ఖాళీల్లో గెట్జ్ చిన్నచిన్న జవాబులు ఇస్తుంటాడు. జోబిమ్ దగ్గర ఒక్క క్షణం ఆగు. ఈ ఆల్బమ్‌లోని ఎనిమిది పాటల్లో ఆరింటి స్వరకర్త ఆయన. రికార్డింగు గదిలో అందరికంటే ఎక్కువ హక్కు ఉన్న మనిషి. పియానో మీద ఎంత తక్కువ వాయించాడో విను, ఒక్కొక్క స్వరం వేలితో పెట్టి చెయ్యి తీసేసినట్టు ఉంటుంది. తన పాటకు తానే అడ్డు రాకూడదని తెలిసిన స్వరకర్త అలా వాయిస్తాడు. నా మట్టుకు ఈ రికార్డులో అన్నిటికంటే ఇష్టమైనవి ఆ స్వరాలే.

ఇక పేర్ల సంగతి. ఇక్కడ కాస్త గట్టిగానే చెబుతాను.

1964లో వర్వ్ కంపెనీ ఈ రికార్డును విడుదల చేసినప్పుడు అట్ట మీద గెట్జ్ పేరు, జొవావ్ పేరు, జోబిమ్ పేరు ఉన్నాయి. రెండు పాటల్లో వినిపించే ఆస్ట్రుడ్ పేరు అట్ట ముందు భాగంలో లేదు. 'ఇపనేమా' పాటను విడిగా చిన్న రికార్డుగా తెచ్చినప్పుడు, రేడియోకు ఇంత నిడివి పనికిరాదని, జొవావ్ పాడిన పోర్చుగీసు భాగం మొత్తం కోసేశారు. ఆ చిన్న రికార్డు గెట్జ్, ఆస్ట్రుడ్ పేర్లతో వచ్చి అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో 5వ స్థానం దాకా వెళ్లింది. పెద్ద రికార్డు అట్ట మీద ఆమె లేదు. చిన్న రికార్డులో ఆయన గొంతే లేదు. ఆ సంగీతమంతా ఎవరి గిటారు మీద నిలబడిందో ఆ మనిషి పాటను ప్రపంచంలో చాలామంది ఆయన గొంతు లేకుండానే మొదటిసారి విన్నారు. నీ వ్యాసంలో ఇది ఒక వాక్యం కూడా కాలేదు. నాకైతే వ్యాసం మొత్తం ఇక్కడే ఉందనిపిస్తుంది.

బాస్ వాయించింది టామీ విలియమ్స్ అని రాశావు. నీ తప్పు కాదు, పాత అట్ట మీద అలాగే అచ్చయింది. వాయించింది బ్రెజిల్ కళాకారుడు సెబాస్టియావ్ నెటో. అచ్చులో ఉన్నంత మాత్రాన నిజం కాదని మన వృత్తిలో అందరం ఒప్పుకుంటాం, అయినా అచ్చులో కనిపించగానే నమ్మేస్తాం. రెండో చోట సరిచూడకుండా ఏ పేరూ రాయకు. డ్రమ్స్ మీద మిల్టన్ బనానా ఉన్నాడు. ఆయన పేరు నువ్వు రాయనే లేదు. ఒకసారి మిగతావన్నీ వదిలేసి ఆయననే విను. ఎక్కడా గట్టి దెబ్బ లేదు, అయినా ఆయన లేకపోతే గెట్జ్ నిలబడడానికి నేల ఉండదు.

'డెసఫినాదో' గురించి రాస్తూ అది జోబిమ్ పాట అన్నావు. సగం నిజం. దాన్ని జోబిమ్‌తో కలిసి కట్టినవాడు నెవ్‌టన్ మెండోన్సా. రియోలోని బార్లలో పియానో వాయిస్తూ బతికిన మనిషి. 1960 నవంబరులో, 33 ఏళ్ల వయసులో గుండెపోటుతో పోయాడు. రెండేళ్లు తిరగకుండానే ఈ పాట అమెరికాలో ఇంటింటా మోగింది. శ్రుతి తప్పుతున్నావని నిందపడిన ప్రేమికుడు తన తరఫున వాదించుకునే పాట అది. ఆ నింద వచ్చే చోట్ల స్వరం నిజంగానే చెవికి తప్పినట్టు తగిలే స్థానంలో పడుతుంది, కానీ అక్కడ దాన్ని అచ్చంగా పట్టుకోవాలంటే గాయకుడికి గొప్ప శ్రుతిజ్ఞానం ఉండాలి. జొవావ్ ఆ స్వరాన్ని అరచి నిలబెట్టడు, మామూలు మాటలా అనేసి వెళతాడు. ఇలాంటి పని చేసిన ఇద్దరిలో ఒకరి పేరు జారిపోతే ఊరుకోగలమా? నువ్వే చెప్పు.

ఇప్పుడు కథల గురించి. నీ వ్యాసం ఒక కథతో మొదలైంది: రియోలో ఇపనేమా తీరాన ఒక బారులో జోబిమ్, కవి వినీసియస్ జి మొరాయిస్ కూర్చుని ఉన్నారు, ఎదురుగా ఒక అమ్మాయి నడిచి వెళ్లింది, అక్కడికక్కడే పాట రాసేశారు. చక్కని కథ. పర్యాటకులకు చెప్పడానికి అంతకంటే బాగా కుదరదు. ఆ బారు ఉంది, ఆ అమ్మాయి ఉంది, వాళ్లిద్దరూ ఆమెను చూసిన మాటా నిజమే. పాట మాత్రం అక్కడ పుట్టలేదు. జోబిమ్ ఇంట్లో పియానో ముందు కూర్చుని స్వరం కట్టాడు. వినీసియస్ రియోకు దూరంగా కొండల్లో ఉన్న పెట్రోపొలిస్‌లో మాటలు రాశాడు. మొదట రాసినవి నచ్చక మళ్లీ రాశాడు. ఒక సంగీత నాటకం కోసమని మొదలైన పని అది. ఇంత తెలిశాక, బారు బల్ల మీద ఒక్క సాయంత్రంలో పుట్టిన పాట కంటే ఇదే నాకు గొప్పగా కనిపిస్తుంది. నచ్చక మళ్లీ రాసిన కవి కదా మన మనిషి!

ఆస్ట్రుడ్ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అప్పటికి ఆమె వయసు 22. జొవావ్ భార్యగా న్యూయార్కు వచ్చింది. స్టూడియోలో ఊరికే కూర్చున్న గృహిణిని అనుకోకుండా మైకు ముందు నిలబెట్టారన్న కథ అరవై ఏళ్లుగా తిరుగుతోంది. ఆ ఆలోచన తనదేనని చెప్పుకున్నవాళ్లు ఒకరికంటే ఎక్కువమంది ఉన్నారు, అందరూ మగవాళ్లే. తనను ఎవరో 'కనిపెట్టారు' అన్న మాటే ఆమెకు నచ్చేది కాదు. పాడమని అడిగింది జొవావే అని ఆమె చెప్పుకుంది. నువ్వు ఒక కథను ఎంచుకుని అదే నిజమన్నట్టు రాశావు. ఎవరెవరు ఏమేమి చెప్పారో పక్కపక్కన పెట్టు, అందులో ఆమె మాటకు ముందు చోటివ్వు. పాడింది ఆమె కదా. ఆ రోజు పాడినందుకు సంగీతకారుల సంఘం రేటు ప్రకారం 120 డాలర్లే ఆమెకు దక్కాయని చాలామంది రాశారు. 'రాశారు' అనే రాయి. అమ్మకాల సంగతి చూస్తే ఆ ఆల్బమ్ బిల్‌బోర్డ్ పట్టికలో 2వ స్థానానికి ఎక్కి, 96 వారాలు ఆ పట్టికలో ఉంది. ఈ రెండు సంఖ్యలు ఒకదాని పక్కన ఒకటి పెడితే నువ్వు కోపంగా ఒక్క మాట కూడా రాయనక్కర్లేదు.

గెట్జ్‌ను నువ్వు ఆకాశానికెత్తావు. ఎత్తదగినవాడే. ఊపిరి వినిపించే ఆ శాక్సఫోన్ ధ్వని మరెవరి దగ్గరా లేదు. 1962లో గిటారిస్టు చార్లీ బర్డ్‌తో కలిసి వాషింగ్టన్‌లో ఒక చర్చి భవనంలో చేసిన రికార్డుతో బోసా నోవాను అమెరికా శ్రోతల దగ్గరికి తెచ్చింది ఆయనే. కానీ వ్యాసంలో అందరినీ ఒకే ఎత్తున పొగిడితే నీ చెవి మీద పాఠకుడికి నమ్మకం పోతుంది. నాకు తోచింది చెబుతాను. కొన్ని చోట్ల, జొవావ్ అంత మెల్లగా పాడి ముగించిన వెంటనే, శాక్సఫోన్ గదిలో ఉండవలసినదానికంటే పెద్దగా వినిపిస్తుంది. ఆస్ట్రుడ్ వెనక జవాబులిచ్చే చోట్ల మాత్రం గెట్జ్ అద్భుతం. తనదైన స్వరకల్పన కంటే వినడంలో ఆయన ఎక్కువ గొప్పగా కనిపిస్తాడు అక్కడ. నీకు అలా అనిపించకపోవచ్చు. అయితే నీ లెక్క నువ్వు చెప్పు, ఏ పాటలో, ఎక్కడ, ఎందుకు అని. ఆ గదిలో గెట్జ్‌కూ జొవావ్‌కూ పొసగలేదని, జొవావ్ పోర్చుగీసులో విసుక్కున్న మాటలను జోబిమ్ తీయని మాటలుగా మార్చి చెప్పాడని ఒక ముచ్చట ఉంది. ప్రతి వ్యాసంలోనూ అదే ఉంటుంది. నువ్వు వదిలేయి. ఎందుకు పొసగలేదో రికార్డులోనే వినిపిస్తుంటే ముచ్చటతో పనేముంది?

చరిత్ర భాగం నీ వ్యాసంలో బరువెక్కువైంది. జొవావ్ 1958లో రియోలో చేసిన తొలి బోసా నోవా రికార్డు, 1962 నవంబరులో కార్నెగీ హాల్లో జరిగిన బోసా నోవా కచేరీ, 1963 మార్చి 18, 19 తేదీల్లో ఈ రికార్డింగు, 1965లో గ్రామీలు: ఇవి నాలుగు వాక్యాల్లో అయిపోతాయి. ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ బహుమతి ఒక జాజ్ ఆల్బమ్‌కు రావడం అదే మొదటిసారి. ఆ మాట మాత్రం ఉంచు. ధ్వనిముద్రణకు కూడా గ్రామీ వచ్చిందని రాశావు కానీ, ఆ ఇంజనీరు ఫిల్ రామోన్ పేరు లేదు. అంత మెల్లని గొంతును, అంత దగ్గరగా, శాక్సఫోన్ పక్కనే నిలబెట్టి పట్టుకున్న మనిషి ఆయన. మైకు లేని కాలంలో జొవావ్ లాంటి గాయకుడు ఉండగలిగేవాడా? ఆలోచించి ఒక పేరా రాయి.

చరిత్రలో నువ్వు వదిలేసిన దాన్ని మాత్రం తప్పక చేర్చు. ఈ ఆల్బమ్‌లో జోబిమ్‌వి కాని రెండు పాటలు, 'డొరాలిసి', 'పరా మషుకార్ మెవ్ కొరసావ్', 1940ల నాటి పాత సాంబాలు. ఒకటి డోరివల్ కయీమి, అంటోనియో అల్మెయిడా కలిసి కట్టినది, మరొకటి అరి బరోసోది. బోసా నోవా పాతదాన్ని తోసిరాజని వచ్చిందని నువ్వు రాశావు. జొవావ్ ఆ రెండు పాటలు పాడిన తీరు వింటే ఆ వాక్యం నిలవదు. ఆయన పాత సాంబాను లోపలికి తీసుకుని, దాని గొంతు తగ్గించాడు, అంతే. ఆ సాంబాను పెంచింది బ్రెజిల్‌లోని నల్లజాతి ప్రజల వాడలు. రియో సముద్రతీరపు మేడల్లో కూర్చున్న యువకుల దగ్గరికి అది అక్కడి నుంచి వచ్చింది. ఈ మాట లేకుండా రాసిన బోసా నోవా చరిత్ర సగమే. ఇంకొకటి: ఈ రికార్డు అమెరికాలో బజారుకు వచ్చిన 1964 మార్చి చివరనే బ్రెజిల్‌లో సైన్యం ప్రభుత్వాన్ని కూల్చింది. దాన్ని పాటలకు ముడిపెట్టి పెద్ద సిద్ధాంతం చేయకు, ఆ తేదీని మాత్రం దాచకు.

అట్ట మీది బొమ్మ గురించి బాగా రాశావు. అది ప్యూర్టోరికో చిత్రకారిణి ఓల్గా అల్బిజు గీసినదని, అంతకుముందు గెట్జ్, బర్డ్‌ల రికార్డుకు కూడా ఆమె బొమ్మే వేశారని రాసిన ఆ పేరా నీ వ్యాసంలో అన్నిటికంటే మంచిది. ఎందుకో గమనించావా? అక్కడ నువ్వు బొమ్మను చూసి, రంగులు ఎక్కడెక్కడ ముద్దగా పడ్డాయో చెప్పావు. 'అందమైన' అన్న మాటే రాలేదు. నీకు ఆ చేయి ఉంది. చెవికి కూడా అదే పని నేర్పాలి.

ఎలా అంటావేమో. ఒక పాటను ఒక్కొక్కసారి ఒక్కొక్క మనిషి కోసం విను. మొదట బాస్ మాత్రమే, తర్వాత డ్రమ్స్ మాత్రమే, ఆ తర్వాత కుడిచేతి బొటనవేలు, ఆ తర్వాత గొంతు ఊపిరి తీసుకునే చోట్లు. విన్న వెంటనే వాక్యాలు కట్టకు. ఎన్నో నిమిషంలో ఎవరు మొదలుపెట్టారు, ఎవరు ఆగారు, ఎవరు ఎవరికి చోటిచ్చారు, అంతవరకు కాగితం మీద పెట్టు. ఫోనులో బస్సులో వినేటప్పుడు ఇది కుదరదు, బాస్ అసలు వినిపించదు. ఇంట్లో మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చో. పాఠకుడికి పోర్చుగీసు రాదు, జాజ్ పరిచయం ఉండకపోవచ్చు. అతన్ని చిన్నచూపు చూడకుండా, అలాగని ప్రతిదానికీ మన సంగీతంలోంచి పోలిక తెచ్చి పెట్టకుండా, వినిపించేదాన్ని వినిపించినట్టు చెబితే చాలు. తెలుగులో అందుకు మాటలు చాలవని భయపడకు. తాళం, ఆవర్తం, శ్రుతి, ఎత్తుగడ, ముక్తాయింపు, ఇంత సరంజామా ఉన్న భాష ఇది.

తిరగరాసి పంపు. ఎనిమిది పాటల గురించీ రాయాలన్న నియమం పెట్టుకోకు. 'ఇపనేమా', 'డొరాలిసి', 'డెసఫినాదో' మూడూ చాలు. 'కోర్కొవాదో' మీద మనసు పోతే దాన్నీ చేర్చు, అందులో ఆస్ట్రుడ్ ముందు పాడుతుంది, జొవావ్ తర్వాత వస్తాడు. మొదటి పాటలోని వరస అక్కడ తిరగబడింది. అది ఎందుకు అంత బాగుందో నేను ఇంతవరకు సరిగ్గా రాయలేకపోయాను, నువ్వు రాస్తే చదవాలని ఉంది. నెటో పేరు సరిదిద్దడం, మెండోన్సా పేరు చేర్చడం మరవకు. ఈ నెలాఖరులోగా అందితే పత్రికకు పంపే ముందు ఇంకొకసారి ఇద్దరం కలిసి చూద్దాం.

శుభాశీస్సులతో,
నీ వ్యాసం కోసం ఎదురుచూసే పెద్దమ్మ